నేను చేరేసరికి ఆయన లేచేవారు

ప్రశ్న: మాకు పెళ్లయి 28 ఏళ్లు. పిల్లలు స్థిరపడ్డాక మొదటిసారి మేమిద్దరమే ఒక ప్రయాణం పెట్టుకున్నాం. ఆరు రోజులు సముద్రతీరం వెంట నడుస్తూ, దారిలో లైట్‌హౌస్‌లూ పాత కోటలూ చూడాలని. రోజూ ఎదురుగాలే. ఆయన ఎప్పుడూ చాలా ముందు నడిచారు. వెనక నుంచి పిలిస్తే పలకలేదు. తాను మాత్రం "త్వరగా రా" అని కేకేసేవారు. ఏ రాయి మీదో కూర్చుని నాకోసం ఆగేవారు, నేను చేరగానే "పద" అని లేచేవారు. నాలుగో రోజు కొండ అంచున నాకు ఏడుపొచ్చింది. చూసి, "గాలికి నా కళ్లూ కారుతున్నాయి" అన్నారు. తిరిగొచ్చి నెలయింది, ముభావంగా ఉన్నాం. ఈసారి స్నేహితులతో వెళతానంటున్నారు. ఈ సంగతి మా అమ్మాయికి తప్ప ఎవరికీ చెప్పలేదు. నేను ఆయనకు బరువయ్యానా? — ఒక సోదరి

జవాబు: మీ ఉత్తరంలో ఏడుపు కంటే ఆ రాయి దగ్గర నేను ఎక్కువసేపు ఆగిపోయాను. ఆయన ఆగారు, నిజమే. పూటకు ఆరుసార్లు ఆగారనుకుందాం. ఆరుసార్లూ విశ్రాంతి దొరికింది ఆయనకే. మీకు ఒక్కసారీ దొరకలేదు. "ప్రతిచోటా ఆగాను కదా" అని ఆయనా, "ఒక్కచోట కూర్చోనివ్వలేదు" అని మీరూ అంటారు. ఇద్దరూ అబద్ధమాడటం లేదు కనుకే నెల రోజులుగా గొడవ తెగడం లేదు. అలసిన మనిషికి విశ్రాంతి ఇవ్వకుండా నడిపిస్తే నాలుగో రోజుకు ఏడుపు రావడంలో వింత లేదు. నన్నడిగితే మూడో రోజే రావాలి.

ఇక పలకకపోవడం. ఇక్కడ ఆయన తరఫున ఒక మాట చెప్పాలి. నేల దగ్గర కంటే పైన గాలి వేగం ఎక్కువ. అందుకే గాలికి ఎదురుగా వెళ్లే శబ్దం పైకి వంగిపోయి, ముందున్న మనిషి చెవిని దాటిపోతుంది. గాలివాలున వచ్చే శబ్దం కిందికి వంగి, దూరం నుంచి కూడా స్పష్టంగా వినిపిస్తుంది. పైగా ఎదురుగాలికి ఆయన చెవుల్లో హోరు. అంటే ఆయన "త్వరగా రా" అన్నది మీకు చక్కగా వినిపించింది, మీ "కాస్త ఆగండి" ఆయనను చేరనే లేదు. మీ దృష్టిలో ఆయన విననట్టు నటించిన మొగుడు. ఆయన దృష్టిలో మీరు ఆరు రోజులు ఒక్క మాటా మాట్లాడని భార్య. కళ్ల సంగతీ అంతే. ఆ గాలికి అందరి కళ్లూ కారతాయి. కారణం వేరని మీరు చెప్పారా? ఉత్తరంలో చెప్పినట్టు లేదు.

అయితే గాలికి చెవులు మూసుకుపోయినా కళ్లు పనిచేస్తాయి. వెనుదిరిగి చూడకపోవడం ఆయన తప్పే, దాన్ని గాలి మీదకు నెట్టను. పట్టు తప్పించే గాలిలో, కొండ అంచు దారిలో తోడున్న మనిషి కనుచూపు దాటి పోకూడదు. గాలి వేగం రెట్టింపైతే ఒంటి మీద దాని తాకిడి నాలుగింతలవుతుంది. గంటకు 40 కిలోమీటర్లు దాటితే గొడుగు పట్టుకోవడమే కష్టం, 60 దాటితే ఎదురు నడవడానికి గింజుకోవాల్సిందే. ఇంకొకటి. ఆయన మీకు అడుగు దూరంలో ముందు నడిస్తే మీకు గాలి అడ్డుగా పనికొచ్చేవారు. అంత దూరాన నడిస్తే ఆ అడ్డు ఎవరికి? ఈ మాట ఆయనతో అనండి. వేగం మీద మోజున్న మనిషికి "నన్ను పట్టించుకోలేదు" అన్నదానికంటే ఇది త్వరగా ఎక్కుతుంది.

అసలు పొరపాటు బయలుదేరకముందే జరిగిందని నా అనుమానం. కొండదారుల్లో నడకకు స్కాట్లాండ్ పర్వతారోహకుడు నైస్మిత్ 1892లో ఒక లెక్క చెప్పాడు: ఐదు కిలోమీటర్లకు ఒక గంట, 600 మీటర్ల ఎత్తు ఎక్కినందుకు ఇంకో గంట. తీరం దారి ప్రతి వాగు దగ్గరా దిగి మళ్లీ ఎక్కుతుంది కనుక 15 కిలోమీటర్ల రోజులో ఆ ఎక్కుళ్లన్నీ కలిపి 600 మీటర్లు అవడం పెద్ద విశేషం కాదు. అప్పటికే నాలుగు గంటలు. ఈ నాలుగు గంటల్లో కూర్చోవడం లేదు, కోట చూడటం లేదు, ఎదురుగాలి అసలే లేదు. మీరు చూడటానికి వెళ్లారు, ఆయన నడవడానికి వెళ్లారు. ఒకే టిక్కెట్టు మీద రెండు ప్రయాణాలు.

మళ్లీ వెళితే రోజుకు ఎనిమిది, పది కిలోమీటర్లు చాలు. గాలి ఎటు వీస్తుందో ముందుగా చూసుకుని, వీలైతే అది వీపుకు తగిలేలా నడిచే దిక్కు మార్చుకోండి. ఎండ రోజుల్లో సముద్రపు గాలి మధ్యాహ్నానికి ముదురుతుంది. కొండ అంచులు పొద్దున్నే నడిచేసి, కోటలూ లైట్‌హౌస్‌లూ ఆ తరవాతకు పెట్టుకోండి. ముందు మీరు నడవండి, వేగం మీది. ఆగిన ప్రతిచోటా, వెనక వచ్చినవారు కూర్చుని లేచాకే ఇద్దరూ కదలాలి. ఈ ఒక్కదాని మీద మాత్రం రాజీపడకండి.

మీ అమ్మాయి సంగతి. ఆమెతో చెప్పుకున్నది భర్తతో చెప్పుకున్నట్టు కాదమ్మా. నెల రోజులుగా కూతురికి తెలిసిన సంగతి ఆయనకు తెలియదు. ఇది నాకు నచ్చలేదు.

స్నేహితులతో వెళతానంటే వెళ్లనివ్వండి. ఒక వారం తన అడుగులు తాను వేసుకొస్తే మీ మీద ప్రేమ తగ్గదు. కాకపోతే దానికి బదులుగా మీ ఇద్దరి ప్రయాణానికీ ఇప్పుడే ఒక తేదీ అనుకోండి. బరువయ్యారా అని నన్నడిగారు. నాకెలా తెలుస్తుంది? ఆయన్నే అడగాలి, అదీ ఏ గదిలోనో కూర్చుని, గాలి లేని చోట. ఎలా మొదలుపెట్టాలో తోచకపోతే మీ ఫోనులో ఆ ఆరు రోజుల ఫొటోలు తీయండి. మీరు తీసినవాటిలో ఆయన ముఖం ఎన్నింటిలో ఉందో, వీపు ఎన్నింటిలో ఉందో ఆయన్నే లెక్కపెట్టమనండి.