కళాశాల కంప్యూటర్లను వాడి వెయ్యి బాక్టీరియా జన్యుక్రమాలను ఒకదానితో ఒకటి పోల్చవచ్చా?

విజయనగరంలోని ఒక కళాశాల ల్యాబ్‌లో ఉన్న సాధారణ కంప్యూటర్లను నెట్‌వర్క్‌తో కలిపి, ఈ.కొలై అనే బాక్టీరియా జన్యుక్రమాలను వెయ్యింటిని పోల్చవచ్చా అని ఒకరు అడిగారు. తప్పకుండా పోల్చవచ్చు.

1997లో ప్రచురితమైన ఈ.కొలై కె-12 రకం జన్యుక్రమంలో సుమారు 46 లక్షల డీఎన్ఏ అక్షరాలు (A, C, G, T) ఉన్నాయి. అలాంటివి వెయ్యింటిని ఒకదానితో ఒకటి పోల్చాలంటే 4,99,500 జతలవుతాయి. రెండు వేలైతే పని దాదాపు నాలుగింతలవుతుంది. అయితే ఏ జత ఫలితమూ మరో జతపై ఆధారపడదు కనుక, జతలను గుంపులుగా విడదీసి ఒక్కో కంప్యూటరుకు అప్పగించవచ్చు. మధ్యలో కరెంటు పోయి ఒక యంత్రం ఆగిపోయినా, పనిని అనేక కంప్యూటర్లకు పంచే స్పార్క్ వంటి సాఫ్ట్‌వేర్ ఆ గుంపును వేరొక యంత్రానికి మళ్లీ అప్పగిస్తుంది.

అసలు ఇబ్బంది లెక్కలో కంటే డేటాను అటూ ఇటూ పంపడంలోనే ఎక్కువ. అందుకే ప్రతి జన్యుక్రమాన్ని ముందుగా 21 అక్షరాల ముక్కలుగా, ఒక్కో అక్షరం జరుపుకుంటూ తీసుకుని, ప్రతి ముక్కకూ ఒక హాష్ సంఖ్య (ఆ ముక్క నుంచి ఒకే సూత్రంతో లెక్కించే సంఖ్య) కట్టి, వాటిలో అతి చిన్నవైన వెయ్యి సంఖ్యలను మాత్రమే ఉంచుకుంటారు. అప్పుడు ఒక్కో జన్యుక్రమం సుమారు 8 కిలోబైట్లకు కుదించుకుపోతుంది. రెండు క్రమాల పోలికను ఆ సంఖ్యల నుంచే అంచనా కట్టవచ్చు.

నిజానికి ఇంతగా కుదించాక వెయ్యింటికి ఒక్క కంప్యూటరే సరిపోతుంది. కాబట్టి మిగతా యంత్రాలను సీక్వెన్సర్ (డీఎన్ఏను చదివే యంత్రం) ఇచ్చే ముడి తునకలను అతికించే పనికి, నమూనాకు ఒకటి చొప్పున, కేటాయించడం మేలని నా అభిప్రాయం. వంద రెట్ల కవరేజీతో, అంటే ప్రతి అక్షరాన్నీ సగటున వందసార్లు చదివితే, ఒక్క నమూనాకే 46 కోట్ల అక్షరాలు వస్తాయి, మెమరీ ఎక్కువగా కావలసింది అక్కడే.