ఇన్సూరెన్స్ క్యాన్సిల్ చేశావు సరే, మిగతా డబ్బు ఏది?

తమ్ముడూ, నువ్వు రాసింది చదివాను. అమెరికాలో నీ కారు ఇన్సూరెన్స్‌కి ఆరు నెలల ప్రీమియం 1,092 డాలర్లు ఒకేసారి కట్టావు. రెండు నెలలకే కారు అమ్మేసి పాలసీ క్యాన్సిల్ చేశావు. నాలుగు నెలల డబ్బు 728 రావాలి కదా, 648 మాత్రమే వచ్చింది, 80 డాలర్లు మింగేశారు అని నీ బాధ. బాధపడాల్సిందే. 80 డాలర్లంటే ఇంటికి పంపితే దాదాపు ఏడు వేల రూపాయలు. "పోనీలే అన్నా, ఎవడు ఫోన్ చేస్తాడు" అనే కుర్రాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. నువ్వు అడిగావు, అందుకు సంతోషం. కానీ గొడవకి దిగేముందు లెక్క తెలుసుకో.

నువ్వు నెలల్లో లెక్కేశావు, వాళ్లు రోజుల్లో వేస్తారు. నీ పాలసీ 182 రోజులది, అంటే రోజుకి 6 డాలర్లు. 62 రోజులు వాడుకున్నావు. మిగిలిన 120 రోజులకి 720. నీ లెక్కలో 8 డాలర్లు అక్కడే పోయాయి. ఇక మిగతా 72 సంగతి. నీకొచ్చిన కాగితంలోనే 'షార్ట్ రేట్' అని ఉంది చూడు. గడువు తీరకముందే మనంతట మనం మానుకుంటే, మిగిలిన ప్రీమియంలో పదో వంతు కోసుకోవడం కొన్ని కంపెనీల పద్ధతి. అదే 'ప్రో రేటా' అని ఉంటే కోత లేకుండా మిగిలిన రోజుల డబ్బంతా ఇవ్వాలి. కంపెనీయే క్యాన్సిల్ చేస్తే మామూలుగా ప్రో రేటాయే ఉంటుంది. మనం చేస్తే ఏది వర్తిస్తుందనేది రాష్ట్రాన్ని బట్టి, పాలసీని బట్టి మారుతుంది. మీ రాష్ట్రం ఇన్సూరెన్స్ డిపార్ట్‌మెంట్ వెబ్‌సైట్‌లో దొరుకుతుంది, చూసుకో. ఆ 72 కోయడానికి పాలసీలో ఏ పేరాలో రాసుందో చూపించమని కంపెనీని అడుగు. చూపించలేకపోతే ఆ డిపార్ట్‌మెంట్‌కే కంప్లైంట్ పెట్టు, రూపాయి ఖర్చు లేదు.

మీ రూమ్మేట్‌కి అసలు ఏమీ రాలేదన్నావు. అతను నెలనెలా కట్టేవాడై ఉంటాడు. ముందుగా కట్టిన దాంట్లో వాడుకోని రోజుల డబ్బే వెనక్కి వస్తుంది. నెలనెలా కట్టేవాడికి ముందు కట్టింది ఏముంటుంది? మొదట్లో కట్టిన డౌన్ పేమెంట్‌ని చాలామంది ఇంటి అడ్వాన్సులాగా తిరిగొచ్చే డబ్బనుకుంటారు. అది మొదటి నెల ప్రీమియమే, అప్పుడే ఖర్చయిపోయింది. ఇన్‌స్టాల్‌మెంట్ ఫీజు, ఏజెంటు తీసుకున్న ఫీజు కూడా సాధారణంగా వెనక్కి రావు.

ఇంకో అపోహ మన దేశం నుంచి మోసుకొచ్చేది. అక్కడ బండి అమ్మితే థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ బండితోపాటు కొన్నవాడికి వెళ్తుంది, మనం మళ్లీ దాని మొహం చూడం. ఇక్కడ అలా కాదు. కారు వెళ్లిపోతుంది, పాలసీ నీ నెత్తినే ఉంటుంది. నువ్వు చెప్పేదాకా మీటర్ తిరుగుతూనే ఉంటుంది.

ఇది నాకెలా తెలిసిందో చెప్తాను. నేను 2006లో న్యూజెర్సీలోని ఎడిసన్‌లో దిగాను. అప్పుడు డాలరు 45 రూపాయలు, ఏది కొన్నా 45తో గుణించి గానీ జేబులో చెయ్యి పెట్టేవాణ్ణి కాదు. కొన్నాళ్లకి టెక్సస్‌లో ప్రాజెక్టు వచ్చింది. పాత కారేసుకుని ఇర్వింగ్ వచ్చాను, ఇక్కడి పాలసీ తీసుకున్నాను. న్యూజెర్సీ పాలసీకి నెలనెలా బ్యాంకు నుంచి పోయే డబ్బుని మాత్రం ఆపించేశాను. డబ్బు ఆగింది కాబట్టి పాలసీ కూడా ఆగిందని నా ధీమా. ఇప్పుడు మీకు అడగడానికి వాట్సాప్ గ్రూపులున్నాయి, వీధికో తెలుగువాడున్నాడు. అప్పట్లో నాకెవరున్నారు?

ఆటో పే ఆపితే పాలసీ ఆగదు, బాకీ మొదలవుతుంది. కంపెనీ వాళ్లు నోటీసులు పంపారు. అవన్నీ ఎడిసన్ ఫ్లాట్‌కి వెళ్లాయి. అక్కడి కుర్రాళ్లు నా ఉత్తరాలన్నీ భద్రంగా ఫ్రిజ్ మీద పేర్చిపెట్టారు, ఒక్కడూ విప్పి చూడలేదు. చివరికి డబ్బు కట్టలేదని వాళ్లే పాలసీ రద్దు చేశారు. రద్దయ్యేదాకా నడిచిన రోజులకి బిల్లు వేశారు. అది కలెక్షన్ ఏజెన్సీకి చేరింది. ఆ ఏజెన్సీ వాడు ఫోన్ చేసి నా ఇంటిపేరుని మూడు ముక్కలు చేసి పలికినప్పుడుగానీ నాకు విషయం తెలియలేదు. దేశంకాని దేశంలో అప్పులవాడు ఫోన్ చేస్తే ఎలా ఉంటుందో ఊహించుకో. క్రెడిట్ స్కోరు దెబ్బతినడం, తర్వాతి ఇన్సూరెన్స్ కొటేషన్ పెరగడం, అంతా దాని పుణ్యమే.

అయినా నేను ఊరుకోలేదు. టెక్సస్ పాలసీ డిక్లరేషన్ పేజీ తీశాను. పాలసీ మొదటి కాగితమే అది, ఏ తారీఖు నుంచి ఏ కారుకి కవరేజీ ఉందో అందులో ఉంటుంది. దాన్ని పాత కంపెనీకి ఫ్యాక్స్ చేసి, "ఈ తారీఖు నుంచి నాకు వేరే ఇన్సూరెన్స్ ఉంది, మీ పాలసీని ఆ తారీఖు నుంచే రద్దు చేయండి" అని అడిగాను. ఒకావిడ కుదరదంది. ఇంకో రోజు ఇంకొకాయన కుదురుతుందన్నాడు. బిల్లు కొట్టేయించాను, ఏజెన్సీ నుంచి ఫైల్ వెనక్కి పిలిపించాను, నేను అదనంగా కట్టిన కాసిని డాలర్లూ ముక్కుపిండి వసూలు చేశాను. నా ఇంగ్లీషు అప్పటికింకా రేపల్లె ఇంగ్లీషే, గుర్తుంచుకో. వెనక్కి జరిపి రద్దు చేయించే ఈ పద్ధతి ఇప్పటికీ చాలా కంపెనీల్లో నడుస్తుంది. నువ్వు కారు అమ్మిన రోజుకీ ఫోన్ చేసిన రోజుకీ తేడా ఉంటే బిల్ ఆఫ్ సేల్, అంటే కారు అమ్మినట్టు రాసుకున్న కాగితం, పంపి అడుగు. రోజుకి 6 డాలర్లు, ఊరికే వస్తాయా?

ఈ కథలో నంబరు ప్లేట్ల సంగతి ఒకటుంది. న్యూజెర్సీ, న్యూయార్క్ లాంటిచోట్ల ప్లేట్లు మోటారు వాహనాల ఆఫీసుకి వెనక్కి ఇచ్చేసి రసీదు తీసుకున్నాకే ఇన్సూరెన్స్ ఆపాలి. న్యూయార్క్‌లో ప్లేట్లు నీ దగ్గరుండగా కవరేజీ లేకపోతే మొదటి 30 రోజులు రోజుకి 8 డాలర్ల చొప్పున జరిమానా, తర్వాత ఇంకా పెరుగుతుంది. రిఫండు కోసం తొందరపడి అంతకంటే ఎక్కువ వదిలించుకున్నవాళ్లని చూశాను. అలాగే కొత్త కారు కొనబోతుంటే కవరేజీలో ఖాళీ రానివ్వకు. ఖాళీ వచ్చినవాడికి తర్వాతి ప్రీమియం ఎక్కువ చెప్తారు. రెండు మూడు నెలలు ఇండియా వెళ్తున్నామని పాలసీ తీసేసేవాళ్లూ ఉన్నారు. తీసెయ్యకుండా, నడపని కారుకి కాంప్రహెన్సివ్ ఒక్కటే, అంటే దొంగతనం, అగ్నిప్రమాదం లాంటివాటికి ఇచ్చే కవరేజీ, ఉంచడం కుదురుతుందేమో కంపెనీని అడగండి. కారు మీద లోనుంటే బ్యాంకు ఒప్పుకోవాలి, అది వేరే మాట.

నీ డబ్బు కార్డుకే వచ్చింది, అదృష్టవంతుడివి. చాలాసార్లు చెక్కు వస్తుంది. కిటికీ ఉన్న కవరులో, ఒక ఉత్తరం అడుగున చిల్లుల గీత దగ్గర చింపుకునేలా ఉంటుంది. చూస్తే క్రెడిట్ కార్డు ప్రకటనలా ఉంటుంది, మనవాళ్లు విప్పకుండా చెత్తబుట్టలో వేసేస్తారు. ఇల్లు మారితే పోస్టాఫీసులో అడ్రస్ మార్చుకుంటే చాలదు, కొన్ని చెక్కుల కవర్లని వాళ్లు కొత్త చోటికి పంపరు, పంపినవాళ్లకే తిప్పేస్తారు. కంపెనీకి విడిగా చెప్పాలి. చెక్కు మీద భార్యాభర్తలిద్దరి పేర్ల మధ్య 'అండ్' ఉంటే ఇద్దరూ సంతకం పెట్టాలి. ఆవిడ అప్పటికే హైదరాబాద్ వెళ్లిపోయి ఉంటే ఇక చూస్కో టెన్షన్. ఇండియా తిరిగి వెళ్లేవాళ్లు ఇక్కడి బ్యాంకు ఖాతా రిఫండు వచ్చేదాకా మూయకూడదు. డాలరు చెక్కు పట్టుకుని అక్కడి బ్యాంకుల చుట్టూ తిరగడం కంటే దాన్ని ఫ్రేము కట్టించుకోవడం నయం. ఎప్పుడో రావాల్సింది రాకుండా పోయిందని అనుమానముంటే, నువ్వున్న రాష్ట్రం అన్‌క్లెయిమ్డ్ ప్రాపర్టీ సైటులో నీ పేరు కొట్టి చూడు, పేరుని తప్పు స్పెల్లింగులతో కూడా. ఎవరూ తీసుకోని చెక్కుల డబ్బు కొన్నేళ్లకి అక్కడికే చేరుతుంది.

ఇక అసలు సంగతి. నువ్వు 72 డాలర్ల దగ్గరే ఆగిపోయావు. కారు లోన్ మీద కొన్నాననీ, అమ్మినప్పుడు లోన్ తీరిపోయిందనీ నువ్వే రాశావు. డీలర్ దగ్గర సంతకాలు పెట్టిన రోజు గ్యాప్ ఇన్సూరెన్స్ (కారు పూర్తిగా పోతే ఇన్సూరెన్స్ ఇచ్చేదానికీ లోన్ బాకీకీ మధ్య తేడా కట్టేది), ఎక్స్‌టెండెడ్ వారంటీ అని ఏమైనా అంటగట్టారా? కొత్తవాళ్లలో ఎక్కువమందికి అంటగడతారు, లోన్‌లో కలిసిపోతుంది కాబట్టి కనపడదు. కారే లేనప్పుడు వాటిలో వాడుకోని భాగం సాధారణంగా నీకు వెనక్కి రావాలి. అది వందల్లో ఉండొచ్చు. చాలాచోట్ల అడగందే ఎవరూ పంపరు. కొన్ననాటి కాంట్రాక్టు తీసి వెతుకు. ఉంటే డీలర్ ఫైనాన్స్ ఆఫీసుకి ఈమెయిల్ పెట్టు, అమ్మిన రోజు ఓడోమీటర్ రీడింగు, లోన్ తీరినట్టు బ్యాంకు ఇచ్చిన లెటరు జతచెయ్యి. ఫోన్‌లో చెప్తే మర్చిపోతారు. రాతలో అడుగు.