బర్బన్ పేర్లు దాచి రుచి చూడాలంటే సీసా ఒక్కటే దాస్తే చాలదు

ప్రశ్న: "మేం డాలస్‌లో ఆరుగురం మిత్రులం. అప్పుడప్పుడు కలిసి బర్బన్ (ఎక్కువగా మొక్కజొన్నతో చేసే అమెరికన్ విస్కీ) రుచి చూస్తుంటాం. ఈసారి సీసాలు కనపడకుండా పోయించుకుని ఏది నిజంగా బాగుందో తేల్చుకోవాలని ఉంది. ఎలా చేయాలి? వందల డాలర్ల సీసాలు నిజంగానే గెలుస్తాయా?"

సీసాను దాచడం తేలిక. ఒకరి అభిప్రాయం మరొకరికి తెలియకుండా దాచడమే కష్టం, ఫలితాన్ని ఎక్కువగా పాడుచేసేదీ అదే. నేను కెంటకీలోని లూయివిల్‌లో ఉంటాను. ఆఫీసువాళ్లు, ఇరుగుపొరుగువాళ్లు, ఇద్దరం తెలుగువాళ్లం కలిసి కొన్నేళ్లుగా ఇలా కూర్చుంటున్నాం. మా దగ్గర కఠినంగా పాటించే నియమం ఒకటే: అందరూ రాయడం పూర్తయ్యేదాకా ఎవరూ నోరు విప్పకూడదు. "ఊఁ" అనడం, తల ఊపడం, కనుబొమలు ఎగరేయడం కూడా కుదరదు.

ఈ నియమం వెనక ఒక సాయంత్రం ఉంది. మాలో అందరికంటే అనుభవం ఉన్న ఒక రిటైరైన స్కూలు టీచరు రెండో గ్లాసు వాసన చూస్తూనే "అరటిపండు" అన్నారు. అంతే, ఆ రాత్రి అందరి కాగితాల మీదా రెండో నంబరుకు ఎదురుగా అరటిపండే. కొన్ని వారాల తర్వాత అదే విస్కీని ఎవరికీ చెప్పకుండా మరో వరుసలో పెట్టి, అందరినీ మౌనంగా రాయమన్నాం. అరటిపండు అని రాసింది ఆయన ఒక్కరే. మిగిలినవాళ్లు చెర్రీ అన్నారు, వేయించిన వేరుశనగ అన్నారు, ఒకరు కొత్త తోలు వాసన అన్నారు. మొదటిసారి వాళ్లెవరూ అబద్ధం రాయలేదు. ఆ మాట చెవిన పడ్డాక వాళ్లకు నిజంగానే అరటిపండు తగిలింది.

1950ల్లో సాలమన్ యాష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త గీతల పొడవు పోల్చమని కొందరికి పరీక్ష పెట్టారు. గదిలో మిగతావాళ్లంతా ముందే అనుకుని తప్పు జవాబు పైకి చెబుతుంటే, ఏమీ తెలియని ఆ ఒక్కరూ దాదాపు మూడోవంతు సందర్భాల్లో, కళ్లెదుట కనిపిస్తున్నదాన్ని కాదని వాళ్లతోనే గొంతు కలిపారు. జవాబును పైకి చెప్పకుండా కాగితం మీద రాయమన్నప్పుడు ఈ లొంగుబాటు బాగా తగ్గిపోయింది. గీతల దగ్గరే ఇలా ఉంటే, నాలుక మీద క్షణంసేపు నిలిచే రుచి గురించి వేరే చెప్పాలా!

పైగా బర్బన్‌లో తేడాలు సహజంగానే సన్నగా ఉంటాయి. అందుకు కారణం అమెరికా చట్టం. ధాన్యంలో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి. లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాలోనే పెట్టాలి. పీపాలోకి పోసేటప్పుడు ఆల్కహాలు 62.5 శాతం మించకూడదు. రంగు గానీ రుచి గానీ బయటి నుంచి కలపకూడదు. కాబట్టి ఏ సీసా తీసుకున్నా వెనిలా, పంచదార పాకం, కాలిన చెక్క ఎంతోకొంత ఉండి తీరతాయి. తేడా అంతా వయసులో, రెండో ధాన్యం రై (గోధుమకు దగ్గరి ధాన్యం) అయిందా గోధుమ అయిందా అన్నదానిలో, పులియబెట్టే ఈస్టులో, పీపా గిడ్డంగిలో ఏ అంతస్తులో ఉందన్నదానిలో ఉంటుంది. ఇంత సన్నని తేడాలను పక్కవాడి ఒక్క మాట తేలిగ్గా మింగేస్తుంది.

ధర చేసే పని కూడా తక్కువేమీ కాదు. 2008లో కాల్‌టెక్, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు 5 డాలర్ల వైనును 45 డాలర్లదని చెప్పి తాగించారు. తాగినవాళ్లు అది ఎక్కువ బాగుందన్నారు. అంతేకాదు, మెదడులో ఇష్టానికి సంబంధించిన భాగం కూడా స్కానింగులో మరింత చురుగ్గా కనిపించింది. లేబుల్ చూసి మురిసిపోయేవాళ్లు నటిస్తున్నారని అనుకోకండి, వాళ్లకు నిజంగానే బాగుంటుంది. లేబుల్ లేకుండా కూడా అంతే బాగుంటుందా అన్నదే మనం పరీక్షించేది.

ఇక పోయడం సంగతి. పోసే మనిషి ఆ రోజు రుచి చూడకూడదు కాబట్టి మీ ఆరుగురు కాక ఏడో మనిషిని పెట్టుకోండి; ఆ మనిషి వేరే గదిలో పోయాలి, తలుపు వేసుకోవాలి. తలుపు ఎందుకంటే, మూత చప్పుడు కూడా గుట్టు విప్పుతుంది. కార్కు "టప్" మని ఊడితే అది కాస్త ఖరీదైన సీసా అని, మరమూత కిర్రుమంటే చవకదని వంటింటి పక్కన కూర్చున్నవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. మేం ముందు రోజే ఒకేరకం సాదా సీసాల్లోకి మార్చి నంబర్లు అంటిస్తాం. రంగు వయసును సూచిస్తుంది కాబట్టి గ్లాసు చుట్టూ అల్యూమినియం కాగితం చుడతాం. ఒక్కో గ్లాసులో 15 మిల్లీలీటర్లు చాలు, గ్లాసులు నాలుగైదు మించొద్దు. ఉమ్మడానికి కప్పు, మంచినీళ్లు, ఉప్పులేని బిస్కెట్లు ఉండాలి. ఇంటికి ఎలా వెళ్లాలో ముందే మాట్లాడుకోవాలి, మా దగ్గర ఆ రాత్రి ఎవరూ కారు నడపరు.

వరుసలో మొదటి గ్లాసుకు ఎప్పుడూ అన్యాయం జరుగుతుంది. నోరు ఇంకా అలవాటుపడక మంట ఒక్కటే తెలుస్తుంది. అందుకే లెక్కలోకి రాని ఒక గుక్కతో మొదలుపెడతాం. ముగ్గురికి ఒకటి నుంచి నాలుగు, మిగిలిన ముగ్గురికి నాలుగు నుంచి ఒకటి, ఇలా వరుస తిప్పి ఇస్తే ఇంకా మంచిది. ఘాటులో కూడా పొంతన ఉండాలి. 45 శాతం ఆల్కహాలు ఉన్న మేకర్స్ మార్క్ పక్కన 60 శాతం దాటే బుకర్స్ పెడితే రుచుల పోటీ కాదు, బలాల పోటీ అవుతుంది.

రాసేటప్పుడు పుస్తకాల మాటలు వద్దు, మీ నాలుకకు తెలిసినవే రాయండి. నేను లవంగం, ఎండుకొబ్బరి, బెల్లం పాకం అని రాస్తాను. లవంగానికి ఆ వాసననిచ్చే యూజెనాల్, కొబ్బరి వాసననిచ్చే లాక్టోన్లు ఓక్ చెక్కలో నిజంగానే ఉన్నాయి.

ఖరీదైనవి గెలుస్తాయా అన్నారు. కొన్నిసార్లు గెలుస్తాయి. ఒకసారి ఒక మిత్రుడు ప్యాపీ వాన్ వింకిల్ అనే ఖరీదైన బర్బన్, 15 ఏళ్లు పీపాలో ఉన్నది, తెచ్చారు. దానిలాగే గోధుమ వాడే, బలంలోనూ దగ్గరగా ఉండే మేకర్స్ మార్క్ కాస్క్ స్ట్రెంగ్త్‌ను (నీళ్లు కలిపి పలచన చేయని రకాన్ని) పక్కన పెట్టాం. ప్యాపీయే ముందుంది, అది న్యాయమైన గెలుపు. కానీ ప్యాపీ తయారయ్యే డిస్టిలరీలోనే (విస్కీ బట్టీలోనే) గోధుమతో చేసే వెల్లర్ 12, బయట అసలు ధరకు ఎన్నో రెట్లు పలికే సీసా, మా వరుసల్లో ఎక్కువసార్లు మధ్యలోనే ఆగిపోయింది. అంత ఖరీదు కాని వైల్డ్ టర్కీ 101 మాత్రం ఎవరో ఒకరికి మొదటి స్థానంలో వస్తూనే ఉంటుంది. హెన్రీ మెకెన్నా పదేళ్ల సింగిల్ బ్యారెల్‌దీ (ఒక్కో సీసాను ఒకే పీపాలోంచి నింపే రకానిదీ) ఇలాంటి కథే. మామూలు అరల్లో దొరికే ఆ సీసా 2019లో శాన్‌ఫ్రాన్సిస్కో మద్యాల పోటీలో, పేర్లు దాచిన పరీక్షలోనే, విస్కీలన్నిటిలో అత్యుత్తమంగా నిలిచింది. ఆ తర్వాత అరల్లోంచి మాయమైంది, ధర కూడా ఎగబాకింది.

మార్కులు కూడి సగటు తీయకండి. రై ఘాటు ఇష్టపడే మనిషినీ గోధుమ మెత్తదనం ఇష్టపడే మనిషినీ కలిపి సగటు తీస్తే ఇద్దరికీ పనికిరాని సంఖ్య వస్తుంది. కాగితాలు దాచుకుని, ఎవరి వరుసను వాళ్లు తమ పాత వరుసతో పోల్చుకోండి.

మొదటి రోజు మాత్రం పోటీ పెట్టకుండా మూడు గ్లాసుల పరీక్ష చేయండి. రెండు గ్లాసుల్లో బఫలో ట్రేస్, ఒకదాంట్లో ఈగిల్ రేర్. రెండూ ఒకే డిస్టిలరీవి, ధాన్యం పాళ్లు ఒకటే, బలం 45 శాతమే. ఈగిల్ రేర్‌కు పదేళ్ల వయసుందని లేబుల్ చెబుతుంది, బఫలో ట్రేస్ వయసు చెప్పదు. వేరుగా ఉన్న గ్లాసును పట్టుకోవాలి. గుడ్డిగా ఊహించినా మీ ఆరుగురిలో సగటున ఇద్దరికి సరిపోతుంది కాబట్టి, ఇద్దరు పట్టుకున్నారని సంబరపడొద్దు. గ్లాసుల స్థానాలు మార్చి మళ్లీ పెట్టండి, అప్పుడూ వాళ్లే పట్టుకుంటే ఆలోచించాల్సిందే. ఈగిల్ రేర్ మీ దగ్గర సరసమైన ధరకు దొరక్కపోతే, తెల్ల లేబుల్ ఎవన్ విలియమ్స్‌తో, అది మీ దగ్గర దొరికితే, హెన్రీ మెకెన్నాను పోల్చండి. రెండూ హెవెన్ హిల్ డిస్టిలరీవే, రెండూ 50 శాతమే.