బ్రెయిన్ చిప్ కంపెనీనా, మూర్ఛ రీసెర్చా?

ప్రశ్న: మా అమ్మాయి బయోమెడికల్ ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం. మూర్ఛకి చేసే ఆపరేషన్లు, మెదడుకి కరెంటు ఇచ్చే చికిత్సల మీద క్లినికల్ రీసెర్చ్‌లో చేరతానంటోంది. డాక్టర్ కానివాళ్లకి అక్కడ విలువ ఉంటుందా? దానికన్నా బ్రెయిన్ చిప్ కంపెనీ మేలు కదా? చిన్నప్పుడు తనకీ ఫిట్స్ వచ్చేవి. ఇప్పుడు రావడం లేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

జవాబు: చివరి మూడు ముక్కల దగ్గరే మీ టెన్షన్ అంతా ఉందండీ. దానికి తర్వాత వస్తాను.

చిప్‌ల మోజు మీద నాకు అనుమానాలున్నాయి. మందులకి లొంగని మూర్ఛ సుమారు మూడోవంతు మందిలో ఉంటుంది. వాళ్లలో ఫిట్స్ పుట్టే చోటు కచ్చితంగా దొరికితే, దాన్ని తీసేసే ఆపరేషనే బలమైన దారి. కెనడాలో 80 మందితో చేసిన ట్రయల్ ఫలితాలు 2001లో వచ్చాయి. ఏడాది తర్వాత స్పృహను దెబ్బతీసే ఫిట్స్ లేనివాళ్లు ఆపరేషన్ వైపు 58 శాతం, మందుల వైపు 8 శాతం. మెదడుకి కరెంటు ఇచ్చే పరికరాలు ఎక్కువగా ఫిట్స్‌ని తగ్గిస్తాయి, పూర్తిగా ఆగిపోయేది కొద్దిమందికే.

మెదడు లోతుల్లో ఉండే థలమస్ అనే భాగానికి కరెంటు ఇచ్చే డీబీఎస్ (డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్) సంగతి చూడండి. ట్రయల్లో 110 మందికీ పరికరం పెట్టి, మొదటి మూడు నెలలు సగం మందికే ఆన్ చేశారు. ఎవరిది ఆన్‌లో ఉందో రోగులకి తెలియదు. ఆన్‌లో ఉన్నవాళ్లకి ఫిట్స్ మధ్యస్థ లెక్కన (అంటే వరసలో నడిమి రోగికి) 40 శాతం తగ్గాయి. ఆఫ్‌లో ఉన్నవాళ్లకీ 14 శాతం పైనే తగ్గాయి! ఆ రెండో గుంపు లేకపోతే ఇదంతా కరెంటు ఘనతే అనుకునేవాళ్లం. ఫలితాలు 2010లో వస్తే అమెరికాలో అనుమతి 2018లో వచ్చింది. కొత్త కంపెనీ అన్నాళ్లు నిలబడుతుందా అన్నది నా భయం.

డాక్టర్ కాకపోయినా కోఆర్డినేటర్, ఈఈజీ (మెదడు విద్యుత్ సంకేతాల రికార్డు) విశ్లేషణ, స్టాటిస్టిక్స్ పనులున్నాయి. రోగుల ఫిట్స్ డైరీలు సరిగా లేకపోతే పై అంకెల్లో ఒక్కటీ నిలవదు. జీతం మొదట్లో సాఫ్ట్‌వేర్ అంత ఉండదు, అంతే. తనని స్టాటిస్టిక్స్ గట్టిగా నేర్చుకోమనండి.

ఇక మీ సంగతి. ఫిట్స్ ఏమైనా దొంగతనమా, దాచడానికి? ఈ రంగంలోకి వెళ్తే బయటపడుతుందనేగా మీ బెంగ? ఎవరికి చెప్పాలో తను తేల్చుకుంటుంది, మీరు కాదు. పాత ఫిట్స్ వల్ల ఈ ఉద్యోగాలకి పనికిరాకుండా పోదు. కంగారు పడకండి. ఒక్క జాగ్రత్త: వీడియో ఈఈజీ వార్డుల్లో రాత్రి డ్యూటీలుంటాయి, నిద్ర చెడితే ఫిట్స్ తిరగబెట్టే అవకాశం ఉంది. ఒప్పుకునే ముందు తన న్యూరాలజిస్టుని కలవాలి. అక్కడికి మీరూ వెళ్లండి, తను మాట్లాడుతుంటే అడ్డుపడకండి.