ఆక్టోపస్‌కి నాన్న పేరు

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. పదేళ్ల కొడుకు ఉన్నాడు. వాడు రెండేళ్లు పోరు పెడితే, ఇంట్లో ఉప్పునీటి ట్యాంకు పెట్టించి ఈ మధ్యే ఒక చిన్న ఆక్టోపస్‌ని తెచ్చాం. పేరు నువ్వే పెట్టరా అంటే నా పేరు పెట్టాడు! ఎందుకని అడిగితే, "పగలంతా కనపడదు, రాత్రి ఎప్పుడో బయటికొస్తుంది, దగ్గరికెళ్తే రంగు మారిపోతుంది, అచ్చం నీలాగే" అన్నాడు. మా ఆవిడ పడీపడీ నవ్వింది. ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెబుతోంది కూడా. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి రాత్రి పది అవుతుంది. ఈ కష్టమంతా వాళ్ల కోసమే కదా? పేరు మార్చమని గట్టిగా అరిచాను. రెండు రోజులుగా వాడు నాతో మాట్లాడటం లేదు. నాదే అతి అంటారా?
- పేరు రాయని ఒక తండ్రి

జవాబు: క్షమించాలి, మీ ఉత్తరం చదువుతూ ముందు నేనూ నవ్వాను. మీ అబ్బాయి చెప్పిన కారణాలు రెండోసారి చదివినప్పుడు మాత్రం మూడోదాని దగ్గర నవ్వు ఆగిపోయింది. పగలు కనపడకపోవడం, రాత్రి పొద్దుపోయి రావడం ఉద్యోగం వల్ల వచ్చినవి. దగ్గరికెళ్తే రంగు మారడాన్ని ఉద్యోగం ఖాతాలో వెయ్యలేం. మీరు మొదటి రెండింటికే సంజాయిషీ రాశారు. మూడోదాని ఊసే ఎత్తలేదు.

అవమానం సంగతి ముందు తేల్చేద్దాం. రెండేళ్లు ఏడ్చి సాధించుకున్న ప్రాణికి పిల్లవాడు తనకి నచ్చని మనిషి పేరు పెట్టడు. వెక్కిరింత కొంత ఉంది, కాదనను. దాంతోపాటు బెంగ కూడా ఉంది. గుహలోంచి అది ఎప్పుడు బయటికొస్తుందా అని గంటల తరబడి అద్దానికి ముక్కు ఆనించి కూర్చునే పిల్లాడికి, తను అలాగే ఎదురు చూసే ఇంకో మనిషి గుర్తొచ్చాడు. అంతే.

ఇక ఆ రంగు. ఆక్టోపస్ చర్మంలో రంగు నిండిన బుల్లి సంచులుంటాయి. చుట్టూ ఉన్న కండరాలు లాగితే అవి విచ్చుకుంటాయి, వదిలితే ముడుచుకుంటాయి. సెకను లోపే రంగు మారిపోతుంది. కోపమొస్తేనే కాదు, భయమేసినా, దాక్కోవాలన్నా, వేటాడాలన్నా మారుతుంది. మీ అబ్బాయికి ఇదంతా ఈపాటికి మనకంటే బాగా తెలిసి ఉంటుంది. కాబట్టి వాణ్నే అడగండి: "నువ్వు దగ్గరికొస్తే నేను ఏ రంగులోకి మారతాన్రా?" వాడు ఏం చెప్పినా మధ్యలో అడ్డురాకండి. "అలసిపోయి ఉంటాను కదా" అన్న మాట నోటి చివరిదాకా వస్తుంది, మింగెయ్యండి.

అమెరికాలోని సియాటిల్ అక్వేరియంలో చేసిన ఒక ప్రయోగం 2010లో అచ్చయింది. ఒకేలాంటి యూనిఫాం వేసుకున్న ఇద్దరు మనుషుల్లో ఒకరు రోజూ ఆక్టోపస్‌లకి తిండి పెట్టేవారు, ఇంకొకరు గరుకు బ్రష్షు కట్టిన కర్రతో గుచ్చేవారు. రెండు వారాలు తిరిగేసరికి అవి ఎవరు ఎవరో పోల్చుకున్నాయి. తిండి పెట్టే మనిషి కనపడితే దగ్గరికి వచ్చేవి, రెండో మనిషిని చూస్తే దూరం జరిగేవి. రెండు వారాల్లో ఆక్టోపస్‌కి అర్థమయ్యేది పదేళ్ల పిల్లాడికి ఇంకా ముందే అర్థమవుతుంది. వారానికి రెండు రోజులు ఎనిమిదిన్నరకల్లా ఇల్లు చేరండి. రోజూ రమ్మని చెప్పను, చెప్పినా మీరు రారు. చాలా జాతుల ఆక్టోపస్‌లు చీకటి పడ్డాకే వేటకి బయలుదేరతాయి కాబట్టి, దానికి తిండి పెట్టే వేళ మీకు బాగా కలిసొస్తుంది.

అసలు తనకో పేరుందని దానికి తెలియదు. నీళ్లలో కొన్ని సన్నటి కదలికల్ని పసిగడుతుంది గానీ మనలా చెవులు లేవు, మన పిలుపు దానికి అందదు. పిలిచినా పలకదు! ఈ పోలిక మీ వాడికి తట్టకపోవడం మీ అదృష్టం. ఇంకో సంగతి, అది మగదో ఆడదో చూశారా? మగదైతే చాలా జాతుల్లో కుడివైపు మూడో చెయ్యి కొసన పీల్చుకునే బుడిపెలు ఉండవు. ఆడదని తేలితే పేరు గొడవ దానంతటదే తీరిపోవచ్చు.

నన్ను ఆలోచనలో పడేసింది మాత్రం వేరే విషయం. చిన్న జాతుల ఆక్టోపస్‌లు ఏడాది బతుకుతాయి, మహా అయితే రెండేళ్లు. 2010 ఫుట్‌బాల్ ప్రపంచ కప్పులో ఎనిమిది మ్యాచులకి ఎనిమిదీ సరిగ్గా జోస్యం చెప్పిన పాల్ అనే ఆక్టోపస్ ఆ అక్టోబరులోనే పోయింది. అప్పటికి దాని వయసు రెండున్నరేళ్లు. ఆడదైతే గుడ్లు పెట్టాక తిండి మానేసి, వాటికి కాపలా కాస్తూనే ప్రాణం వదులుతుంది. అంటే ఏదో ఒక రోజు పొద్దున్నే మీ అబ్బాయి ట్యాంకు దగ్గర నిలబడి, మీ పేరు చెప్పి "చచ్చిపోయాడు" అనాల్సి వస్తుంది. ఆ మాట వాడి నోట ఎలా ఉంటుందో ఊహించుకోండి. పేరు గురించి మాట్లాడాలనుకుంటే ఇక్కణ్నుంచి మొదలుపెట్టండి. నాకు పరువు తక్కువ అనకుండా, ఇది ఎక్కువ కాలం ఉండదు నాన్నా అని చెప్పండి. విన్నాక పేరు మార్చుకుంటాడో ఉంచుకుంటాడో వాడి ఇష్టం. ఉంచుకుంటే మీరు మళ్లీ ఆ ఊసు ఎత్తకూడదు.

మీ ఆవిడ విషయంలో మీకు నొప్పి కలగడం న్యాయమే. ఇంట్లో నవ్వుకోవడం వేరు, వచ్చిన వాళ్ల ముందు నవ్వడం వేరు. ఆ ముక్క వాడు లేనప్పుడు ఆమెతో నెమ్మదిగా చెప్పండి. అన్నట్టు, ట్యాంకు మూత బిగుతుగా ఉందో లేదో చూసుకోండి. న్యూజిలాండ్‌లో ఇంకీ అనే ఆక్టోపస్ 2016లో ట్యాంకు పైనున్న సందులోంచి దూరి, నేల మీద పాక్కుంటూ మురుగు గొట్టంలోకి వెళ్లి సముద్రం చేరుకుందని చెబుతారు. మీది పారిపోతే ఆ నింద కూడా మీ మీదే పడుతుంది.

మాటల్లేని ఈ రెండు రోజుల గురించి పెద్ద సంభాషణ అక్కర్లేదు. అరిచినందుకు సారీ చెప్పి, ట్యాంకు ముందు వాడి పక్కన నేల మీద కూర్చోండి. పీత ముక్క మాత్రం వాడి చేతిలోనే ఉండనివ్వండి.