ఆయమ్మ మనకేమవుతుంది?

పాఠకుల ప్రశ్నలు, అక్క జవాబులు

ప్రశ్న: అక్కా, మాది ప్రొద్దుటూరు. మూడేండ్ల కిందట మా ఆయనకు బ్లడ్ క్యాన్సర్ అని తేలితే వేలూరు పోయినాం. మా మరిది మూలకణాలు ఇచ్చినాడు, బోన్ మ్యారో ట్రాన్స్‌ప్లాంట్ అయింది. డిశ్చార్జి చేసినాక కూడా వంద రోజులు నిండేదాకా ఊరికి పోవద్దు, ఆసుపత్రి దగ్గర్లోనే ఉండాల అన్నారు. ముందు దిగిన లాడ్జి మూడో అంతస్తు, నీళ్ళు రావు, అద్దె మాత్రం వారానికోసారి పెంచేవాళ్ళు. ఎవరో చెబితే ఒక క్రిస్టియన్ గెస్ట్‌హౌస్‌కు మారినాం, అంతా పేషెంట్లే ఉంటారు.

దాన్ని చూసుకునే ఆయమ్మ తమిళావిడ, అరవై దాటినాయి. పేషెంట్ల దగ్గరే తెలుగు నేర్చుకున్నది కాబట్టి ఒక మాట మన కడప యాస, ఇంకో మాట శ్రీకాకుళం యాస. మా ఆయనకు పచ్చివి పెట్టకూడదంటే కొత్తిమీర కూడా పోపులో ఉడికించి వేసేది. తిట్టేది కూడా బాగా. టిఫిన్ డబ్బా మూత మీద ఆసుపత్రి ప్లాస్టర్ ముక్క అంటించి, దాని మీద ఎన్నో రోజో పెన్నుతో రాసిచ్చేది. 41, 42, 43 అట్లా. 64వ రోజున జ్వరమొచ్చి మళ్ళీ అడ్మిట్ చేసినారు, పదకొండు రోజులు. లోపలికి బయటి తిండి పోనీయరు, అయినా డబ్బా నా కోసం గేటు దాకా వచ్చేది, మీద 65, 66 అని రాసి. అంతా మళ్ళీ మొదటికొచ్చిందని నేను ఏడుస్తుంటే "లెక్క ఆగిపోయిందా? లేదే. తిను" అనింది.

పోయిన నెల ఆయమ్మ చనిపోయిందని అప్పుడు మా పక్క రూములో ఉన్న బెంగాలీ వాళ్ళు వాట్సాప్‌లో పెట్టినారు. అందరం అమ్మా అనే పిలిచేవాళ్ళం, అసలు పేరు ఆ మెసేజ్‌లోనే మొదటిసారి చదివినా. రెండు దినాలు అన్నం సయించలేదు, తలకు పోసుకున్నా. మా అత్త చూసి, "ఆయమ్మ మనకేమవుతుందని నీళ్ళు పోసుకున్నావు? కులమా గోత్రమా, మతమే వేరాయె" అనింది. ఏటేటా ఆమె పేరున ఏదన్నా చేయాలని ఉంది, తిథి పెట్టొచ్చా? వాళ్ళ పిల్లలకు ఒక ఉత్తరం రాయాలని ఉంది గానీ ముక్కూమొహం తెలీని మనిషి రాస్తే ఏమనుకుంటారో. మా ఆయన ఇప్పుడు బాగున్నాడు, అంగడికి పోతున్నాడు.

జవాబు: చెల్లెమ్మా, ముందు మీ అత్తగారి ప్రశ్నకు జవాబు చెప్తా, ఎందుకంటే అడిగిన తీరు ఎట్లున్నా అది అసలైన ప్రశ్నే. ఆయమ్మ మీకేమవుతుందంటే ఏమీ కాదు. మీకింత ఇబ్బందిగా ఉండేది కూడా అందుకే. చుట్టం పోతే ఏం చేయాలో మనకు పుట్టినప్పటి నుంచి తెలుసు, ఎన్నో దినాన ఏం వండాలి, ఎవరు రావాలి, ఎవరికి బట్టలు పెట్టాలి, చివరికి ఎవరు ఎంత గట్టిగా ఏడవాలో కూడా ఊరికి ఒక లెక్క ఉంటుంది. ఏమీ కాని మనిషి పోతే ఏ వరసా లేదు, సొంతింట్లో ఏడవాలన్నా సంజాయిషీ ఇచ్చుకోవాలి.

మతం వేరు అన్నదానికి మాత్రం మీ అత్తగారిని ఒక్కసారి ఉగాది నాడు దేవుని కడపకు పిలుచుకుపోండి. బీబీ నాంచారి తమ ఇంటి ఆడబిడ్డ అని, వెంకటేశ్వరస్వామి అల్లుడని ఆ రోజు ముస్లింలు గుడికొచ్చి కొబ్బరికాయ కొట్టిపోతారు. అదే కడపలో పెద్ద దర్గాకు పోయే హిందువులను లెక్కపెట్టడం ఎవరి వల్లా కాదు. దేవుళ్ళతోనే వరసలు కలుపుకున్న జిల్లా మీది, డబ్బా మోసిన ఆడమనిషితో కలుపుకుంటే ఏం తప్పొచ్చింది?

ఇక తిథి. నా మటుకు నేను వద్దంటాను. పాపమనో దోషమనో కాదు, ఆమె నమ్మకంలో లేని పని ఆమె పేరున చేయడం ఎందుకని. వాళ్ళలో పిండాలు, తద్దినాలు ఉండవు. మన తెలుగు క్రైస్తవ సంఘాల్లో ఎవరైనా పోతే "ప్రభువునందు నిద్రించారు" అంటారు, కొన్నాళ్ళకు ఆదరణ కూడిక పెడతారు, ఏడాదికి జ్ఞాపకార్థ కూడిక జరుపుకుంటారు. పాటలు పాడతారు, వాక్యం చదువుతారు, పోయిన మనిషి గురించి తెలిసినవాళ్ళు లేచి నాలుగు మాటలు చెప్తారు, ఆ తర్వాత భోజనాలు. నవంబరు 2న సమాధుల పండుగ అని ఉంది, తమిళంలో కల్లరై తిరునాళ్ అంటారు, ముందే పోయి గడ్డి పీకి, సున్నం కొట్టి, ఆ రోజు పూలు పరిచి కొవ్వొత్తులు వెలిగిస్తారు. అన్ని సంఘాల వాళ్ళూ చేయరు కాబట్టి పోయేముందు కనుక్కోండి. మీ ఆయనకు వేలూరులో చెకప్ ఉంటే ఆ తేదీకి కలిసొచ్చేట్టు చూసుకోండి. బంతిపూలో చేమంతులో పట్టుకుపోండి, పసుపు కుంకుమ ఇంట్లో పెట్టిపోండి, అంతే.

మీ ఊర్లో ఆమె పేరున అన్నం పెట్టాలనుకుంటే పెట్టండి, దానికి ఎవరినీ అడగక్కర్లేదు. 1866 కరువులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి వేలమందికి గంజి పోయించాడు. తాగినవాళ్ళు ఆయనకేమీ కారు. పాట కట్టుకున్నారు, నూటయాభై ఏండ్లు దాటినా మన సీమలో ఆ పాట పాడేవాళ్ళున్నారు. అన్నం పెట్టినవాళ్ళను తలచుకోవడానికి మనకు ఇట్లాంటి దారి ఒకటి ఉండనే ఉంది.

కానీ వీటన్నిటికంటే ముందు ఆ ఉత్తరం రాయండి. ఏమనుకుంటారో అని రాశారు చూడండి, నాకు అక్కడే మీ మీద కొంచెం కోపమొచ్చింది. మీరు ఆలోచించాల్సింది ఇంకోటుంది. తెల్లారి మూడున్నరకు పరీక్షకు రక్తం ఇవ్వడానికి పోయేవాళ్ళ కోసం వేడినీళ్ళు కాచి, రాత్రి పదకొండుకు వార్డు నుంచి వచ్చేవాళ్ళ కోసం తలుపు తీసే మనిషి ఇంట్లో పిల్లలకు అమ్మ ఎంత మిగిలి ఉంటుంది? మీకు 66 అని రాసిచ్చిన పొద్దున ఆమె మనవరాలికి జడ ఎవరు వేశారో, ఆమె మనవడి పుట్టినరోజుకు ఆమె పోయిందో లేదో మీకు తెలీదు. ఆ ఇంట్లో వాళ్ళు కూడా ఎప్పుడో ఒకసారి "ఆ పేషెంట్లు నీకేమవుతారమ్మా?" అని అడిగే ఉంటారు. మీ అత్త అడిగిన ప్రశ్నే, అటువైపు నుంచి. వాళ్ళమ్మ ఆ గేటు దగ్గర ఏం చేసిందో చూసినవాళ్ళు మీరు, వాళ్ళు చూడలేదు. అది మీ దగ్గరే పెట్టుకుంటే ఎట్లా?

ఇది నాకు ఇంత గట్టిగా ఎందుకు తెలుసంటే నేను రాయలేదు కాబట్టి. మా నాన్నను కర్నూలులో ఆసుపత్రిలో పెట్టినప్పుడు మేము పగలు వార్డులో, రాత్రి బయట సిమెంటు అరుగు మీద. నాలుగో రోజు వాన. అక్కడికి దగ్గర్లో ఉన్న చర్చి కాంపౌండులో వాచ్‌మన్ భార్య మమ్మల్ని చూసి తన వంటగదిలో చాప పరిచింది. పదిహేను రోజులు. మా అమ్మ చీరలు ఆరేసుకున్న తీగ, ఆమె పొయ్యి మీద మేము కాచుకున్న పాలు, ఆ గదిలో కిరోసిన్ వాసన, అన్నీ ఇప్పటికీ గుర్తున్నాయి. ఉద్యోగం వచ్చినాక చీర పెడదామనుకున్నాను, పండక్కి పోదామనుకున్నాను, ఇట్లా అనుకుంటూనే తొమ్మిదేండ్లు గడిచినాయి. పోయేసరికి ఆ గదిలో వేరే వాళ్ళున్నారు. వాళ్ళ ఊరు ఎమ్మిగనూరు దగ్గరని తప్ప ఏమీ దొరకలేదు. మా ఇంట్లో అందరికీ తెలిసిన మనిషి, ఆమె ఇంట్లో మేము ఎవరికీ తెలీదు.

ఉత్తరంలో "మీ అమ్మ దేవత" అని మాత్రం రాయకండి. ఆ మాట వాళ్ళు చావింట్లో నూరుసార్లు విని ఉంటారు. కొత్తిమీర సంగతి రాయండి. రెండు యాసలు కలిపి ఎట్లా మాట్లాడేదో ఒకటి రెండు వాక్యాలు అచ్చు అట్లాగే రాయండి, వాళ్ళ చెవికి గొంతు వినబడాలి. బాగా తిట్టేదని నాకు రాశారు, దేనికి తిట్టిందో రాయలేదు, అది వాళ్ళకు రాయండి, నవ్వుకుంటారు. 64వ రోజు తర్వాత ఏం జరిగిందో ఒక్క ముక్క వదలకుండా రాయండి. మీ ఆయన అంగడికి పోతున్నాడని చివర్లో రాయండి, ఫోటో పెట్టండి, అంగట్లో కూర్చున్న ఫోటో. తెలుగులో రాసి ఎవరిచేతనైనా తమిళంలోకి మార్పించి రెండూ పంపండి. ప్లాస్టర్ ముక్క ఉన్న మూత మీ దగ్గర ఒకటన్నా మిగిలే ఉంటుంది, ఎంత తోమినా ఆ జిగురు పోదు నాకు తెలుసు. అది కూడా ఫోటో తీసి పంపండి. మూత ఇచ్చేయకండి, అది మీదే.

ప్రశ్న: మేడమ్, మాది అనంతపురం. మా నాన్న ఆపరేషన్ కోసం ఇట్లాంటి గెస్ట్‌హౌస్‌లోనే రెండు వారాలు ఉన్నాం. దాన్ని చూసుకునే మనిషి మంచాయన, అద్దె కూడా తక్కువే. కానీ రోజూ సాయంత్రం హాల్లో ప్రార్థనకు పిలిచేవారు. పోకపోతే ఏమనుకుంటారోనని మొహమాటానికి కూర్చునేవాణ్ణి. ఇప్పుడు తలచుకుంటే ఆయన మీద కృతజ్ఞతా ఉంది, చిరాకూ ఉంది. ఇది తప్పా?

జవాబు: తప్పేం లేదు సార్, రెండూ ఉంటాయి. పెళ్ళిలో బలవంతంగా మూడో లడ్డు వడ్డించినవాడి మీద కూడా మనకు ఇట్లాగే ఉంటుంది. ఒకటే అడుగుతాను, మీరు ఒకరోజు పోలేదనుకోండి, మరుసటి రోజు మీ నాన్నకు గంజి రావడం ఆగేదా? ఆగేదైతే అది బేరం, మీ చిరాకు న్యాయమే. ఆగదని మీ మనసుకు తెలిస్తే అది ఆయన తన ఇంట్లో రోజూ చేసుకునే పని, మిమ్మల్ని కూడా పిలిచాడు, మీరు మొహమాటపడ్డారు. మొహమాటం మీది, దానికి ఆయన ఏం చేస్తాడు?

వేలూరు ఆసుపత్రి మొదలైన కథ వినే ఉంటారు. ఒకే రాత్రి ముగ్గురు మగవాళ్ళు, ఇద్దరు హిందువులు, ఒక ముస్లిం, ఒకరి తర్వాత ఒకరు వచ్చి మా ఆడవాళ్ళకు కాన్పు కష్టమైంది రమ్మని అమెరికన్ మిషనరీల కూతురు ఐడా స్కడర్‌ను పిలిచారు. ఆమె అప్పటికి డాక్టర్ కాదు, డాక్టరైన తండ్రిని పంపిస్తానంటే మగవాణ్ణి లోపలికి రానివ్వం అన్నారు. తెల్లారేసరికి ముగ్గురు ఆడవాళ్ళూ పోయారు. ఆమె అమెరికా పోయి డాక్టరై తిరిగొచ్చి 1900లో ఒక్క మంచంతో మొదలుపెట్టింది. ఆమెను నడిపించింది ఆమె నమ్మకమే, అది దాచుకోలేదు కూడా. అట్లాగని ఆ మంచం మీద పడుకున్నవాళ్ళంతా ఆమె నమ్మకంలోకి పోవాల్సిన పనిలేదు. మీ అనంతపురానికి 1969లో వచ్చిన విన్సెంట్ ఫెర్రర్‌నే చూడండి, జెసూట్‌లు అనే క్యాథలిక్ సంఘం తరఫున మన దేశానికి వచ్చి, ఆ సంఘం వదిలి, పేదల కోసం ఆర్‌డీటీ సంస్థ పెట్టి మీ జిల్లాలోనే ఉండిపోయాడు, 2009లో పోయాడు. ఇప్పటికీ పల్లెల్లో కొన్ని ఇళ్ళలో ఆయన ఫోటో దేవుని పటాల పక్కనే ఉంటుంది, ఆ ఇళ్ళ వాళ్ళు శనివారం గుడికి పోతూనే ఉన్నారు.

మీకు ఆ పెద్దాయన నంబరు ఉంటే ఫోన్ చేయండి. ప్రార్థన సంగతి కూడా నవ్వుతూ చెప్పేయండి, ఏమీ అనుకోడు.

ప్రశ్న: అక్కా, మాది కర్నూలు. వచ్చే నెల మొదటిసారి అమ్మను వేలూరు పిలుచుకుపోతున్నా. బాగా టెన్షన్‌గా ఉంది. ఎక్కడ ఉండాలి, ఏం తీసుకుపోవాలి?

జవాబు: వెంకటాద్రి రైలు ఎక్కితే చిత్తూరులో దిగొచ్చు తమ్ముడూ, అక్కడి నుంచి వేలూరు బస్సుకు పెద్ద దూరం లేదు. బస్టాండులో ఎవరో "రూమ్ కావాలా" అని సంచి పట్టుకుంటే పోవద్దు. దగ్గర్లో పేషెంట్లు ఉండే చోట్లు ఏమున్నాయో ఆసుపత్రి ఎంక్వయిరీలో, సోషల్ వర్కర్ల దగ్గర అడుగు. రూము చూసేటప్పుడు టీవీ ఉందా అని కాదు, అమ్మ మెట్లెక్కగలదా, వండుకోవడానికి చోటుందా, అర్ధరాత్రి వస్తే తలుపు ఎవరు తీస్తారు, ఈ మూడూ అడుగు. పాత రిపోర్టులు తేదీల వారీగా పెట్టుకో, ఆధార్, ఫ్లాస్కు, స్టీలు డబ్బా, ఒక దుప్పటి ఎక్కువే పెట్టుకో.

అక్కడ చూసుకునే మనిషి పేరు మొదటి రోజే అడుగు. ఫోన్‌లో ఆ పేరుతోనే సేవ్ చేసుకో, గెస్ట్‌హౌస్ అని కాదు.