పికప్‌కి కంపెనీ టోయింగ్ ప్యాకేజీ తీసుకోవాలా?

ప్రశ్న: కొత్త పికప్ బుక్ చేయబోతున్నాను. ట్రెయిలర్ లాగడానికి కావాల్సిన సామగ్రి, అదే టోయింగ్ ప్యాకేజీకి విడిగా డబ్బు కట్టాలట. డీలర్ తీసుకోమంటున్నాడు. మా ఫ్రెండేమో అదంతా దండగ, తర్వాత బయట హుక్ వేయించుకుంటే సరిపోతుంది అంటున్నాడు. ప్రస్తుతానికి నాకున్నది ఒక చిన్న పడవ, ట్రెయిలర్‌తో కలిపి 600 కిలోలుంటుంది. రెండు మూడేళ్లలో ఇంటిల్లిపాదీ తిరగడానికి క్యాంపింగ్ ట్రెయిలర్ కొనాలని ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: తీసుకోండి. పడవ ఒక్కటే అయితే మీ ఫ్రెండ్ మాటే నేనూ చెప్పేవాణ్ని, 600 కిలోలకి ఏ పికప్పూ ఇబ్బంది పడదు. క్యాంపింగ్ ట్రెయిలర్ అన్నారు చూడండి, అక్కడే లెక్క మారిపోతుంది.

హుక్ అంటే ఛాసిస్‌కి బోల్టులతో బిగించే ఇనుప చట్రం, అంతే. దాన్ని ఎప్పుడైనా వేయించుకోవచ్చు. మీరు కట్టే డబ్బులో ఎక్కువ భాగం బయటికి కనిపించని వాటికి పోతుంది: పెద్ద రేడియేటర్, గేర్‌బాక్స్ ఆయిల్‌ని చల్లబరిచే కూలర్, ఎక్కువ కరెంటిచ్చే ఆల్టర్నేటర్, ట్రెయిలర్ బ్రేకుల కంట్రోలర్, కొన్ని మోడళ్లలో వేరే యాక్సిల్ రేషియో. ఏ కంపెనీ ఏది ఇస్తుందో మోడల్ మోడల్‌కీ మారుతుంది, కొందరైతే ఉత్త హుక్కూ వైరింగూ ఇచ్చి దానికే ప్యాకేజీ అని పేరు పెడతారు. కాబట్టి బ్రోషర్‌లో పేరు చూసి సంతకం పెట్టకండి, లోపల ఏమేం వస్తున్నాయో ఒక్కొక్కటీ రాయించుకోండి.

వీటిలో నేను అన్నిటికంటే ముందు చూసేది కూలర్. ఎండాకాలంలో బరువైన ట్రెయిలర్ తగిలించుకుని పొడవాటి ఘాట్ ఎక్కుతున్నారనుకోండి, ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఏ గేర్‌లోనూ నిలవకుండా పైకీ కిందికీ మారుతూ ఉంటుంది, మారినప్పుడల్లా టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించే భాగం) జారుతూ ఆయిల్‌ని వేడెక్కిస్తుంది. 120 డిగ్రీల సెల్సియస్ దాటాక ఆ ఆయిల్ ఆయుష్షు చాలా వేగంగా తరిగిపోతుంది. ఎర్రగా ఉండాల్సిన ఆయిల్ గోధుమరంగుకి తిరిగి మాడు వాసన వస్తోందంటే లోపల క్లచ్ ప్లేట్లు కాలడం మొదలైనట్టే. ఆ రోజు బండి ఆగకపోవచ్చు, కొన్ని నెలల తర్వాత గేర్లు జారడం మొదలవుతుంది, అప్పటికి ఆ ఘాట్ రోడ్డు సంగతి ఎవరికీ గుర్తుండదు.

రెండోది యాక్సిల్ రేషియో. 3.73 అంటే డ్రైవ్‌షాఫ్ట్ 3.73 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుందని. అదే ఇంజిన్, అదే గేర్, 3.31కి బదులు 3.73 ఉంటే చక్రానికి అందే లాగుడు బలం దాదాపు 13 శాతం పెరుగుతుంది. ఖాళీగా తిరిగేటప్పుడు డీజిలో పెట్రోలో కాస్త ఎక్కువ తాగుతుంది, అది ఒప్పుకోవాల్సిందే. కూలర్ తర్వాత బయట వేయించుకోవచ్చు, కంట్రోలర్ కూడా. యాక్సిల్ లోపలి గేర్లు మార్చడం మాత్రం పెద్ద పని. పైగా ఏ విడిభాగం మార్పించినా కంపెనీ కాగితం మీద మీ బండికి రాసిన టోయింగ్ పరిమితి పెరగదు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు చూసేది ఆ కాగితమే.

ఆ పరిమితిని ఎలా తేలుస్తారో తెలిస్తే ప్యాకేజీ ఎందుకో ఇంకా బాగా అర్థమవుతుంది. చాలా కంపెనీలు ఎస్‌ఏఈ అనే వాహన ఇంజినీర్ల సంఘం పెట్టిన జె2807 అనే ప్రమాణం పాటిస్తాయి, 2011 మోడళ్లతో టొయోటా అందరికంటే ముందు దాన్ని అందుకుంది. అందులో ఒక పరీక్ష అమెరికాలోని ఆరిజోనాలో డేవిస్ డ్యామ్ దగ్గరి ఎత్తు రోడ్డు మీద ఉంటుంది. సుమారు 38 డిగ్రీల ఎండలో, ఏసీ పూర్తిగా పెట్టి, పూర్తి బరువుతో 18 కిలోమీటర్ల పైచిలుకు ఎక్కాలి, వేగం ఒక హద్దు కంటే పడిపోకూడదు. అంటే పెద్ద అంకె సంపాదించాలంటే లాగే బలంతో పాటు వేడిని తట్టుకునే ఏర్పాటూ ఉండాలి. ప్రకటనల్లో కనిపించే ఆ అంకె సాధారణంగా సరైన ప్యాకేజీ ఉన్న బండిది. అదే మోడల్ ప్యాకేజీ లేకుండా కొంటే మాన్యువల్‌లో బాగా తక్కువ అంకె ఉండొచ్చు, బుక్ చేసే ముందే ఆ పేజీ తెరిపించి చూడండి.

ఇంకొక్క మాట, ఇది ప్యాకేజీ కంటే ముఖ్యమని నా గట్టి నమ్మకం. డ్రైవర్ తలుపు తెరిస్తే పక్క స్తంభం మీద స్టిక్కర్ ఉంటుంది, మనుషులూ సామానూ కలిపి ఎన్ని కిలోలు మించకూడదో దాని మీద రాసి ఉంటుంది. అక్కడ 650 ఉందనుకుందాం. సామానుతో, నీళ్ల ట్యాంకుతో కలిపి ట్రెయిలర్ 2,500 కిలోలు తూగితే అందులో 10 నుంచి 15 శాతం హుక్ మీద పడాలి, అంతకంటే తక్కువైతే ట్రెయిలర్ వెనక పాములా ఊగుతుంది. 12 శాతం అనుకున్నా 300 కిలోలు. ఇంట్లో అయిదుగురు ఎక్కితే ఇంకో 350. అయిపోయింది, వెనక తొట్టిలో స్టవ్ పెట్టడానికి కూడా చోటు లేదు. టోయింగ్ పరిమితి 3,500 కిలోలున్నా మీ బండి అక్కడికే నిండిపోయింది. ట్రెయిలర్ ఎంచుకునేటప్పుడు షోరూమ్‌లో చెప్పే ఖాళీ బరువు పట్టుకుని లెక్క వేయకండి, నిండు బరువుతో వేయండి.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్ పికప్ ఒకటి చూశాను. వెనక హుక్ ఉంది, ఓనర్ టోయింగ్ ప్యాకేజీ ఉందంటున్నాడు. నిజమో కాదో ఎలా తెలుస్తుంది?

జవాబు: ముందు సాకెట్ చూడండి. 4 పిన్నులదే ఉంటే అది లైట్ల కోసమే, ట్రెయిలర్ బ్రేకులకి పనికిరాదు. 7 పిన్నులదైతే ఆశ పెట్టుకోవచ్చు, కానీ దాన్నీ బయట వేయించవచ్చు కాబట్టి అక్కడితో ఆగకండి. బానెట్ ఎత్తి గ్రిల్ వెనక, రేడియేటర్ ముందు చిన్న కూలర్, దాని నుంచి గేర్‌బాక్స్ వైపు వెళ్లే పైపులు ఉన్నాయేమో టార్చ్ వేసి వెతకండి. అన్నిటికంటే నమ్మకమైనది ఛాసిస్ నంబర్. డీలర్ దగ్గర ఆ నంబర్ కొడితే బండి ఫ్యాక్టరీ నుంచి ఏయే ఆప్షన్లతో వచ్చిందో బయటపడుతుంది.

హుక్ మీద ఉండే లేబుల్‌లోని అంకె చూసి చాలామంది మోసపోతారు. అది ఆ ఇనుము మోయగలిగిన బరువు, మీ బండి లాగగలిగినది కాదు. బండి, హుక్, బాల్ (ట్రెయిలర్ తగిలించే ఇనుప గుండు), బాల్ మౌంట్ (ఆ గుండుని బిగించే కడ్డీ), వీటిలో అన్నిటికంటే తక్కువ అంకె ఏదో అదే మీ పరిమితి. బ్రేకుల రూల్ కూడా కనుక్కోండి. యూరప్, ఆస్ట్రేలియాల్లో 750 కిలోలు దాటిన ట్రెయిలర్‌కి సొంత బ్రేకులు తప్పనిసరి, మిగతా చోట్ల ఆ హద్దు వేరేగా ఉండొచ్చు.

ప్రశ్న: నేను ట్రెయిలర్ ఎప్పుడూ లాగను, తొట్టిలో బరువులు మాత్రం బాగా వేస్తాను. ప్యాకేజీ తీసుకుంటే లాభముందా?

జవాబు: లేదనే చెప్తాను. చాలా ప్యాకేజీల వల్ల తొట్టి మోసే బరువు పెరగదు, హుక్ బరువు వల్ల కొన్ని కిలోలు తగ్గుతుంది కూడా. ఎక్కువ మోసే స్ప్రింగులతో వేరే పేలోడ్ ప్యాకేజీ ఉందేమో డీలర్‌ని అడగండి, ఆ డబ్బు దాని మీద పెట్టండి.